రైలు కట్టిన ఊళ్లు: రేణిగుంట, పాకాల, గుంతకల్లు

మన కథల్లో, నవలల్లో ఊరు పుట్టుకకు సాధారణంగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి చెరువు, రెండోది గుడి. చెరువు కింద మడి, మడి చుట్టూ రైతు, రైతు చుట్టూ చేతివృత్తులవాళ్లు చేరితే పల్లె. గుడి చుట్టూ మాడవీధులు, మఠాలు, సత్రాలు, అంగళ్లు చేరితే పట్నం. రాయలసీమ రచయిత ఏ ఊరి గురించి రాసినా ఈ రెండింటిలో ఏదో ఒకదానితో మొదలుపెడతాడు. అయితే ఈ సీమలో మూడో రకం ఊళ్లు కూడా ఉన్నాయి. వాటిని రాజు కట్టించలేదు, దేవుడు వెలసి పోషించలేదు, పంట పోగు చేయలేదు. లండన్‌లో కార్యాలయం పెట్టుకున్న కంపెనీ వేసిన పట్టాలు ఒకచోట కలిసినందువల్ల, లేదా ఇంజను ఒకచోట ఆగవలసి వచ్చినందువల్ల అవి ఇంతటివయ్యాయి. తిరుపతి పక్కనున్న రేణిగుంట, చిత్తూరు–తిరుపతి దారిలోని పాకాల, పూర్వపు కడప జిల్లాలోని నందలూరు, అనంతపురం జిల్లాలోని గుంతకల్లు ఈ కోవలోకి వస్తాయి.

ఊరికి రైలు రావటం వేరు, రైలుకోసం ఊరు రావటం వేరు. తిరుపతికి, చిత్తూరుకు రైలు వచ్చింది. అప్పటికే తిరుపతి యాత్రాస్థలం, చిత్తూరు కోర్టులూ కచేరీలూ ఉన్న పట్నం. రైలు వాటి బలాన్ని పెంచింది గాని వాటికి పునాది కాలేదు. రేణిగుంట, పాకాల, గుంతకల్లు సంగతి అట్లా కాదు. అక్కడి చిన్న పల్లెలు జంక్షన్లు కావటంవల్లనే పట్నాలయ్యాయి. రాయలసీమలో నెలజీతంమీద, గంట కొట్టిన ప్రకారం బతికే శ్రామికవర్గం పెద్దఎత్తున మొదట కనిపించిన చోట్లలో ఇవి ముఖ్యమైనవి. అందుకే వీటి పుట్టుకను అర్థం చేసుకోవటం చరిత్రకారుల పనే కాదు, రచయితల పని కూడా.

1853 ఆగస్టులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో అచ్చయిన వ్యాసంలో కార్ల్ మార్క్స్ భారతదేశపు రైళ్ల గురించి ఒక అంచనా వేశాడు. రైలు వెంట ఆధునిక పరిశ్రమ వస్తుందనీ, ఆ పరిశ్రమ కులవ్యవస్థకు ఆధారమైన వంశపారంపర్య శ్రమవిభజనను కరిగిస్తుందనీ అన్నాడు. అయితే ఇంగ్లండులో కార్మికవర్గం అధికారంలోకి వస్తేనో, భారతీయులే బ్రిటిష్ కాడిని విసిరికొడితేనో తప్ప ఆ ఫలితాలు ఇక్కడి ప్రజలకు దక్కవని కూడా అదే వ్యాసంలో చెప్పాడు. మనవాళ్లు మొదటి మాటను తలచుకున్నంతగా రెండో మాటను తలచుకోరు. ఈ అంచనా ఎంతవరకు నిజమైందో పరీక్షించటానికి మన రైలు ఊళ్లకంటే మంచి చోటు లేదు.

పాతదారి, కొత్త పట్టా

రైలుకు ముందు ఈ దారి ఎట్లా ఉండేదో తెలుసుకోవటానికి మనకు తెలుగులోనే ఒక పుస్తకం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి తిరుపతి, కడపల మీదుగా ఉత్తరానికి సాగాడు. పెద్ద పరివారం, పల్లకీ, బోయీలు, మజిలీ మజిలీకి సత్రం, నీళ్లకోసం వెతుకులాట ఉన్న ప్రయాణం అది. ఆ కాలపు ప్రయాణంలో మజిలీని నిర్ణయించేది మనిషి కాలిశక్తి. ఎంత దూరం నడిస్తే బోయీలు అలసిపోతారో అక్కడ సత్రం వెలిసేది.

మద్రాసు రైల్వే కంపెనీ తన మొదటి మార్గాన్ని 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు వైపు, వాలాజా దాకా తెరిచింది. అరక్కోణం దగ్గర చీలిన వాయవ్య మార్గం తిరుత్తణి, పుత్తూరుల మీదుగా 1862లో రేణిగుంట చేరింది. అక్కడనుంచి శేషాచలం కొండల అంచున కోడూరు, నందలూరు, కడప, గుత్తి, గుంతకల్లు దాటి 1871లో రాయచూరు దగ్గర బొంబాయినుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. వీరాస్వామయ్య పల్లకీలో పోయిన ప్రాంతంలోనే, నలభై ఏళ్లు దాటేసరికి, మద్రాసు రేవు బొంబాయి రేవుతో ఇనుపదారిన ముడిపడింది.

ఈ పట్టాలకు పెట్టుబడి ఎవరిది? వాటాదారులు ఇంగ్లండులోని మధ్యతరగతివారు, ధనికులు. వారి పెట్టుబడికి ఏటా నూటికి 5 వంతున వడ్డీ గ్యారంటీ చేసింది ఇక్కడి ప్రభుత్వం. భూమిని ఉచితంగా ఇచ్చింది. కంపెనీకి ఆదాయం చాలకపోతే లోటును భారత ఖజానానుంచి, అంటే శిస్తు కట్టే రైతు సొమ్మునుంచి పూడ్చారు. కాబట్టి దత్తమండలాల రైతు రైలు ఎక్కకముందే దానికి టికెట్టు కొన్నాడని చెప్పాలి.

అడవి కట్టిన మూల్యం మరొకటి. పట్టాల కింద స్లీపర్లకు కలప కావాలి. మద్రాసు రైల్వే ఇంజన్లు చాలాకాలం కట్టెలతోనే నడిచాయి. శేషాచలం, నల్లమల అంచు అడవుల్లో వంటచెరకు ఏరుకునేవారికీ, పశువులు మేపుకునేవారికీ, ఇంజనుకూ మధ్య పోటీ మొదలైంది. అడవిని కాపాడే పేరుతో 1882లో వచ్చిన మద్రాసు అటవీచట్టం ఈ పోటీలో ఎవరిని బయటికి నెట్టిందో వేరే చెప్పనక్కరలేదు. యానాదులు, సుగాలీలు, పశుల కాపరులు తమ అడవిలోనే దొంగలయ్యారు.

ఇంజను దాహం

స్టేషన్లన్నీ పట్నాలు కాలేదు. కొన్నే ఎందుకయ్యాయన్నది తెలుసుకోవాలంటే ఆవిరి ఇంజను పనితీరు కొంత తెలియాలి. బాయిలరులో నీరు మరిగి ఆవిరై పోతూనే ఉంటుంది. టెండరులో పట్టే నీరు కొన్ని పదుల మైళ్లకే సరిపోతుంది. ఆ తరువాత ఎక్కడో ఒకచోట ఆగి నీళ్లు పట్టుకోవాలి, కట్టెలో బొగ్గో ఎక్కించుకోవాలి, బూడిద తోడి పారబోయాలి. నిప్పుల ముందు నిలబడి పారతో బొగ్గు వేసే ఫైర్‌మన్ కొన్ని గంటలకంటే పనిచేయలేడు. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు మారాలి. దిగినవాళ్లకు రన్నింగ్ రూమ్ కావాలి. ఎక్కబోయేవాళ్లను ఇంటికి వచ్చి నిద్రలేపే కాల్‌బాయ్ కావాలి. ఇంజను కడగటానికి, మరమ్మతు చేయటానికి షెడ్డు కావాలి. షెడ్డులో ఫిట్టర్లు, కమ్మరులు, కళాసీలు కావాలి. వీళ్లందరికీ ఇళ్లు, ఆ ఇళ్లకు నీళ్లు, బియ్యం, పాలు కావాలి. ఊరు అంటే ఇదే.

చెయ్యేటి ఒడ్డున ఉన్న నందలూరు ఇందుకు మంచి ఉదాహరణ. సౌమ్యనాథస్వామి గుడి ఉన్న పాత ఊరు అది. కాని ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని సీమలో పేరున్న ఊరుగా చేసింది అక్కడి ఆవిరి ఇంజన్ల షెడ్డు. కోడూరు అయితే పేరులోనే రైలును ధరించింది. తెలుగునాట కోడూర్లు చాలా ఉన్నాయి. అందులో ఇది ఏదని అడిగితే ‘రైల్వేకోడూరు’ అని చెప్పవలసి వచ్చింది. ఒక ఊరికి ఇంటిపేరు ఏటివల్లనో, కొండవల్లనో, పాలెగానివల్లనో కాక రైలువల్ల రావటం మన స్థలనామాల చరిత్రలో కొత్త మలుపు.

కరువు వేసిన పట్టాలు

1876–78 నాటి మహాకరువును రాయలసీమ జనం ‘ధాత కరువు’ అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దానికి ఎక్కువగా బలయ్యాయి. అప్పటికి ఐదేళ్ల ముందే మద్రాసు–బొంబాయి మార్గం ఈ జిల్లాల గుండా పూర్తయి ఉంది. రైలు ఉండికూడా జనం లక్షల్లో చనిపోయారన్నది మరవరాని వాస్తవం. రైలు మద్రాసు రేవునుంచి ధాన్యం తెచ్చింది. కాని ఆ ధాన్యం ధర కూలివాని చేతికందలేదు. కరువు పనుల్లో రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి డబ్బుకు తగ్గించిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయం చరిత్రలో అపఖ్యాతి పొందింది. రైలు సరుకును కదిలిస్తుంది, కొనుగోలుశక్తిని కాదు.

అయినప్పటికీ 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషన్ కరువుకు మందుగా రైళ్లను కూడా సూచించింది. దేశానికి మొత్తం 20,000 మైళ్ల రైలుమార్గం ఉండాలనీ, అందులో 5,000 మైళ్లు వెంటనే వేయాలనీ చెప్పింది. ఆ తరువాత పదిపన్నెండేళ్లలో సీమ అంతటా కొత్త మార్గాలు వచ్చాయి. గుంతకల్లునుంచి నంద్యాల మీదుగా బెజవాడకు, బళ్లారి మీదుగా హుబ్లీకి, అక్కడనుంచి గోవా తీరంలోని మర్మగోవాకు, అనంతపురం, హిందూపురాల మీదుగా బెంగుళూరుకు దారులు పడ్డాయి. దక్షిణాన సౌత్ ఇండియన్ రైల్వే కాట్పాడినుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా గూడూరుకు 1891లో రైలు నడిపింది. పాకాలనుంచి పీలేరు, మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరానికి ఆ వెంటనే, 1892 నాటికి, మరో మార్గం వచ్చింది.

ఇది సరైన మందేనా అన్న వాదం ఆనాడే జరిగింది. గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్, ఈ దేశానికి ముందు కావలసింది నీరేగాని రైలు కాదని పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. రమేశచంద్ర దత్తు తన ఆర్థికచరిత్రలో చూపిన లెక్క ప్రకారం 1902 నాటికి రైళ్లపై 22 కోట్ల 60 లక్షల పౌన్లు, నీటిపారుదలపై 2 కోట్ల 40 లక్షల పౌన్లు ఖర్చయ్యాయి. సీమకు దక్కిన పెద్ద కాలువ కర్నూలు–కడప కాలువ ఒక్కటే. దాన్నీ ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టి, నడపలేక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. నీళ్లు రాని సీమకు పట్టాలు వచ్చాయి. ఆ పట్టాలమీదనే పనికోసం జనం బెంగుళూరుకు, మద్రాసుకు వలసపోయారు. ఇవాళ్టి వలసలకు మొదటి దారి అదే.

రెండు గేజీల నడుమ

1862 నాటి వాయవ్య మార్గం బ్రాడ్‌గేజి. రెండు పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. 1870లో లార్డ్ మేయో ప్రభుత్వం ఖర్చు తగ్గించటానికి మీటరుగేజిని అంగీకరించింది. కరువు తరువాత సీమలో వేసిన మార్గాలు ఎక్కువగా ఈ చవక పట్టాలే. రెండు గేజీలు ఒకచోట కలిస్తే బండి ఒకదానిమీదనుంచి రెండోదానిమీదికి పోలేదు. ఒక బండి ఖాళీచేసి మరో బండి నింపాలి. ఈ సాంకేతిక లోపమే రేణిగుంటకు, గుంతకల్లుకు జీవనాధారమైంది.

దీనర్థం పనిలో చూడండి. నెల్లూరు సీమనుంచి మీటరుగేజి పెట్టెలో బియ్యం బస్తా రేణిగుంట యార్డుకు వస్తుంది. హమాలీ దాన్ని వీపుకెత్తుకుని ప్లాట్‌ఫారం దాటి బ్రాడ్‌గేజి పెట్టెలో వేస్తాడు. అదే బస్తా కడపకో గుత్తికో పోతుంది. అటునుంచి వచ్చే సరుకు ఇదే పద్ధతిలో ఇటు మారుతుంది. బస్తాకింతని కూలి. పెట్టె సకాలంలో ఖాళీకాకపోతే వ్యాపారి అపరాధ రుసుము కట్టాలి. అందువల్ల రాత్రీ పగలూ తేడా లేదు. లండన్‌లో, సిమ్లాలో పొదుపుచేసిన డబ్బు రేణిగుంట హమాలీ వెన్నెముకమీద ఖర్చయిందని చెప్పటం అతిశయోక్తి కాదు. హమాలీలవెంట మేస్త్రీ వచ్చాడు, మేస్త్రీవెంట వడ్డీవ్యాపారి వచ్చాడు, వాళ్లిద్దరివెంట కల్లంగడి, కాఫీ హోటలు, బియ్యంమండీ వచ్చాయి. స్టేషనుకు ఒకవైపు కంపెనీ కట్టిన కాలనీ, మరోవైపు ఎవరూ కట్టించకుండా పెరిగిన ఈ బజారు ఉంటాయి. రైలు ఊళ్ల నిర్మాణం దాదాపు అంతటా ఇదే.

పాకాల సంగతి కొంచెం వేరు. అక్కడ కలిసినవి రెండూ మీటరుగేజి మార్గాలే. సరుకు మార్చే పని లేదు. ధర్మవరం బండికీ కాట్పాడి బండికీ ఇంజను, పెట్టెలు మార్చి జోడించటం, నీళ్లూ బొగ్గూ ఇవ్వటం, సిబ్బంది మారటం అక్కడి పని. అందుకే పాకాల హమాలీల ఊరుగా కంటే రైల్వే ఉద్యోగుల ఊరుగా పెరిగింది. మదనపల్లె, పీలేరు ప్రాంతాల బెల్లం, చింతపండు, వేరుశనగ ఈ మార్గాన దిగువకు పోయాయి. వేరుశనగ కథ మరీ ముఖ్యం. మార్సేల్స్ నూనెమిల్లులకు పుదుచ్చేరి రేవునుంచి గింజలు ఎగుమతి అయ్యేవి. విల్లుపురం మీదుగా ఆ రేవుతో సంబంధం ఏర్పడ్డాక చిత్తూరు, అనంతపురం జిల్లాల మెట్టరైతు జొన్న, సజ్జలను తగ్గించి వేరుశనగవైపు మొగ్గటానికి మార్కెట్టు బలమైన ప్రేరణ అయింది. తిండిగింజ స్థానంలో అమ్ముడుగింజ వచ్చింది. వాన పడకపోతే ఇంట్లో గింజా లేదు, చేతిలో డబ్బూ లేదు.

తిరుపతికి రైలు వచ్చిన 1891 వరకు ఆ మార్గాన యాత్రికులకు దగ్గర స్టేషను రేణిగుంటే. అక్కడనుంచి సుమారు 10 కిలోమీటర్లు బండిమీదనో నడిచో పోవలసిందే. తిరుపతిలో స్టేషను వెలిశాక యాత్రికుడు రేణిగుంటలో రైలు మారేవాడే అయ్యాడు. గుడి ఊరికి కీర్తి, జంక్షను ఊరికి పొగ మిగిలాయి.

కాలనీలో మెట్లు

బ్రెజిల్‌లో సావోపాలో కాఫీని శాంతోస్ రేవుకు దించటానికి ఒక బ్రిటిష్ కంపెనీ 1867లో రైలుమార్గం తెరిచింది. కొండ అంచున పనివాళ్లకోసం కట్టిన ఊరు పరనపియకాబా. అక్కడ గుట్టమీద ప్రధాన ఇంజనీరు బంగళా, దిగువన వరుసగా కార్మికుల చెక్క ఇళ్లు. బంగళా కిటికీలోనుంచి చూస్తే ఊరంతా, యార్డంతా కనిపించేటట్లు దాన్ని కట్టారు. మన కాలనీల్లో గుట్ట లేకపోవచ్చు గాని ఆ చూపు ఉంది. ఇంటి పరిమాణం, వరండా, తోట, స్టేషనునుంచి దూరం అన్నీ ఉద్యోగపు మెట్టును బట్టే. మెయిల్ డ్రైవర్లు, పెద్ద ఫోర్‌మన్లు తెల్లవాళ్లు, ఆంగ్లో–ఇండియన్లు. వారికి ఇన్‌స్టిట్యూటు, చర్చి, నాట్యశాల. గుమాస్తాలు, స్టేషను మాస్టర్లుగా చదువుకున్న పైకులాలవారు వచ్చారు. ఎండలో పట్టాకు కంకర సర్దే గ్యాంగ్‌మన్లు, బూడిద తోడేవాళ్లు, మరుగుదొడ్లు ఊడ్చేవాళ్లు ఎక్కువగా దళితులు, వెనకబడిన కులాలవారు.

మార్క్స్ చెప్పిన శ్రమవిభజన కరగలేదా అంటే కొంత కరిగింది. కమ్మరి కొడుకు ఫిట్టరయ్యాడు. నేత మగ్గం పోయినవాడు పాయింట్స్‌మన్ అయ్యాడు. ఊళ్లో రచ్చబండ ఎక్కనివ్వని మనిషి ఇక్కడ మూడో తరగతి పెట్టెలో అందరితో ఇరుక్కుని కూర్చున్నాడు. నెలజీతం భూస్వామి ముందు చేతులు కట్టుకోవలసిన అవసరాన్ని తప్పించింది. ఇది చిన్న మార్పు కాదు. కాని కులం పట్టాలకు అడ్డుపడకుండా రైలెక్కి ప్రయాణించటం నేర్చుకుంది. దక్షిణాది స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. పెరియార్ నాయకత్వంలో ఆందోళన జరిగాక 1941లో గాని అది తొలగలేదు. ఒక ఇంజనును నడిపే ముగ్గురు ఒకే కుండలో నీళ్లు తాగని కాలం చాలా ఏళ్లు నడిచింది.

ఈ మెట్ల అడుగున ఉన్న మనిషి ప్రాణానికి విలువెంతో గుంతకల్లు చెప్పింది. 1893 అక్టోబరు 4న గుంతకల్లు స్టేషను సమీపంలో కొందరు ఆంగ్ల సైనికులు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. గేటు కాపలాదారు హంపన్న ఆ స్త్రీలను కాపాడబోయి ఒక సైనికుని తుపాకీ గుండుకు బలయ్యాడు. గుత్తికి చెందిన కేశవపిళ్లె ఈ సంగతిని ‘ది హిందూ’ పత్రిక ద్వారా లోకానికి తెలిపి న్యాయంకోసం పట్టుపట్టాడు. విచారణ జరిగింది. నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. ప్రజలు హంపన్నకు గుత్తిలో స్మారకశిల నిలిపారు. గేటు కాపలాదారు రైల్వే కొలువులో దాదాపు చిట్టచివరి మెట్టు. అతని పని బండి వచ్చేటప్పుడు గేటు వేయటం. తన ఉద్యోగంలో లేని బాధ్యతను అతను మనిషిగా నెత్తికెత్తుకున్నాడు. స్వాతంత్ర్యోద్యమానికి మన సీమలో మొదటి పేజీలు వెతికేవారు పాలెగాండ్ల తరువాత ఈ గేటుదగ్గర ఆగాలి.

ఇల్లు, జీతం, సమ్మె

రైలు కార్మికునికి కంపెనీయే యజమాని, కంపెనీయే ఇంటిసొంతదారు. కొలువు పోతే ఆ సాయంత్రం నుంచే నిలువనీడ కూడా లేదు. కాలనీ అనే సదుపాయం సంకెల కూడా అని కార్మికులు సమ్మెల్లో తెలుసుకున్నారు. 1974 మే 8న మొదలై మే నెలాఖరుదాకా సాగిన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో ఇది మరింత స్పష్టంగా బయటపడింది. వేలమంది జైలుపాలయ్యారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అనేకచోట్ల క్వార్టర్లనుంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. సామాన్లతో రోడ్డునపడ్డ ఆడవాళ్లు, పిల్లలు ఆ సమ్మెలో సగం భారం మోశారు.

సంఘం ఏం చేసింది? ఒకే క్యాంటీనులో కూర్చోబెట్టింది. కళాసీచేత మైకు పట్టించింది. ఇంజను కుండనీళ్ల పట్టింపును చాలావరకు పోగొట్టింది రైలు కాదు, రైలు కార్మికుల సంఘటన. మార్క్స్ అంచనాలో మనవాళ్లు మరచిన రెండో సగం ఇదే. యంత్రం అవకాశాన్ని ఇస్తుంది. దాన్ని వాడుకోవటం మనుషుల పని. అయితే సంఘంలో నాయకత్వపు కుర్చీలు ఏ కులాలవారికి దక్కాయి, ఊడ్చేపని ఏ కులాలవారికి మిగిలింది అన్న ప్రశ్నకు సంఘాలు ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు. ఇవాళ ఆ ఊడ్చేపని కాంట్రాక్టు చేతుల్లోకి పోయింది. కార్మికునికి క్వార్టరూ లేదు, పింఛనూ లేదు, చాలాచోట్ల సంఘమూ లేదు.

తగ్గిన ఊళ్లు

రైలు కట్టిన ఊరిని రైలే తగ్గించగలదు. డీజిల్, విద్యుత్ ఇంజన్లకు దారి పొడవునా నీళ్లు అక్కరలేదు. ఆవిరి పోవటంతో నందలూరు షెడ్డు ప్రాభవం పోయింది. 1992లో మొదలైన యూనిగేజ్ పథకం దేశంలోని మీటరుగేజిని బ్రాడ్‌గేజిగా మార్చుతూ వచ్చింది. 2010 ప్రాంతానికి పాకాల–ధర్మవరం మార్గమూ మారింది. ప్రయాణికునికి ఇది మేలే. కాని గేజీల తేడామీద బతికిన పని ఆగిపోయింది. బండి ఆగే సమయం తగ్గితే టీకొట్టు బేరం కూడా తగ్గుతుంది. గుంతకల్లు 1956లో డివిజన్ కేంద్రమై, 1977లో దక్షిణ రైల్వేనుంచి దక్షిణమధ్య రైల్వేకు మారి, పెద్ద పట్నంగా నిలబడింది. రేణిగుంట తిరుపతి విస్తరణలో, విమానాశ్రయం, పరిశ్రమల నీడలో మరో రూపం తీసుకుంది. పాకాల, నందలూరులకు అటువంటి ఊత దొరకలేదు.

రచయితల బాకీ

తెలుగు కథలో రైలుపెట్టె చాలాసార్లు కథాస్థలమైంది. అపరిచితులు కలుసుకోవటానికి, విడిపోవటానికి అది అనువైన చోటు. కాని పట్టాల పక్కన బతికే మనిషి కిటికీలోనుంచి ఒక్క క్షణం కనబడి వెనక్కి పోతాడు. పాకాల పక్కనే దామలచెరువులో ఉండి మధురాంతకం రాజారాం ఆ ప్రాంతపు రైతును, బడిపంతులును, పల్లెను ఎంత నిండుగా చూపించారో మనకు తెలుసు. ఆ నిండుతనం మన జంక్షను ఊళ్లకు ఇంకా దక్కవలసే ఉంది.

ఇతరచోట్ల ఏం చేశారో చూడటం ఉపయోగం. ఆర్.కె. నారాయణ్ ‘ది గైడ్’ నవలలో ఊరికి పట్టాలు పడటం, చింతచెట్టు కింద మట్టిపని, స్టేషనులో అంగడి, ఆ అంగడినుంచి రాజు అనే కొత్తరకం మనిషి తయారవటం వరుసగా కనిపిస్తాయి. బ్రెజిల్ అమెజాన్ అడవిలో 1907–12 మధ్య వేసిన మదీరా–మమోరె రైలుకోసం దేశదేశాల కూలీలు వేలసంఖ్యలో చనిపోయారు. పోర్టోవేల్యో పట్నం ఆ రైలుతోనే పుట్టింది. మార్సియో సౌజా 1980లో ‘మ్యాడ్ మరియా’ నవలగా ఆ చరిత్రను రాశాడు. ఆ కథలో మనకూ భాగం ఉంది. రబ్బరుకోసం వేసిన ఆ రైలు పూర్తయ్యే నాటికి ఆసియా తోటల రబ్బరు మార్కెట్టును ముంచెత్తింది. మలయా తోటల్లో ఆ పాలు గీసినవారిలో తమిళులతోపాటు తెలుగు కూలీలూ ఉన్నారు. ఒక ఖండంలో కూలీ చెమట మరో ఖండంలో కూలీ కట్టిన ఊరిని పడుకోబెట్టింది. పెట్టుబడి గీసే పటం అంత పెద్దది. రేణిగుంట హమాలీ కథ చిన్న కథ కాదని గ్రహించటానికి ఈ పటం కళ్లముందు ఉండాలి.

చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. ఆవిరి ఇంజనుమీద పనిచేసిన చివరి తరం ఇవాళ ముసలితనంలో ఉంది. ఫైర్‌మన్లు, కాల్‌బాయ్‌లు, గ్యాంగ్‌మన్ల భార్యలు, 1974లో సామాన్లతో వీధినపడ్డ పిల్లలు మనమధ్యనే ఉన్నారు. వాళ్ల మాటల్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ, రైల్వే ఇంగ్లీషు కలిసిన ఒక వాడుకభాష ఉంది. ఏ నిఘంటువులోనూ ఆ భాషకు తగినంత చోటు దొరకలేదు. సాహిత్య విద్యార్థులు మాండలికం పేరిట పల్లెలకే పోతున్నారు. ఒకసారి పాకాల కాలనీకి, గుంతకల్లు లోకోషెడ్డు వెనక వీధులకు పోయి వాళ్లచేత చెప్పించి రాసుకోవాలి. ఉద్యోగపు మెట్లు, కులం, ఇల్లు, సమ్మె అన్నీ ఆ మాటల్లోనే దొరుకుతాయి. చెప్పేవాళ్లు ఉండగానే ఆ పని జరగాలి.